పాత షెవెల్‌కి చేతి స్టీరింగు, కాలి బ్రేకు: గ్యారేజీ చిట్కాలు

మా గ్యారేజీలో 1970 షెవర్లే షెవెల్ మాలిబు ఒకటి ఉంది. 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజిను, ఆటోమేటిక్ గేర్లు, ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. మేముండేది డెట్రాయిట్ శివార్లలో. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ పొడవునా పాత బళ్లు బారులు తీరి పాకుతుంటాయి. వాటిని చూసి చూసి చివరికి నేనూ ఒకటి తెచ్చుకున్నాను.

1964లో పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న మజిల్ కార్ల కాలంలో పవర్ స్టీరింగు, పవర్ బ్రేకు చాలావరకు అదనంగా డబ్బు కట్టి పెట్టించుకునే సౌకర్యాలు. అవి లేని బండి కూడా అదే ఫ్యాక్టరీలోంచి వచ్చేది. కాబట్టి ఆ పవర్ సాయం తీసేసి మాన్యువల్‌కి మార్చేవాళ్లు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఫ్యాక్టరీ అప్పట్లో ఏం చేసిందో చూసి అదే చెయ్యాలి. చాలామంది బ్రేకు బూస్టరు, స్టీరింగు పంపు విప్పి పక్కన పెట్టి పని అయిపోయిందనుకుంటారు. అవి ఇన్నాళ్లూ చేసిన సాయం ఇక ఎక్కణ్ణుంచి వస్తుందో లెక్క చూసుకోరు. రెండు శీతాకాలాలు ఆ బండి కింద పడుకుని నేర్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చెప్పే భాగాలు 1968 నుంచి 1972 దాకా వచ్చిన షెవెల్‌వి. ఫోర్డు, డాడ్జ్ బళ్లున్నవాళ్లు సూత్రం ఇక్కడ తీసుకుని, కొలతలు తమ సర్వీసు మాన్యువల్లో చూసుకోండి.

1. ముందు జబ్బేమిటో తేల్చుకోండి. బూస్టరు పనిచేసేది ఇంజిను పీల్చే వాక్యూమ్‌తో. మామూలు ఇంజిను ఐడిల్‌లో 17 నుంచి 20 అంగుళాల వాక్యూమ్ ఇస్తుంది. బూస్టరు నిండుగా సాయం చేయాలంటే 16కి తగ్గకూడదు. మా బండికి పాత యజమాని పెద్ద క్యామ్‌షాఫ్టు వేయించాడు. గేజీ పెట్టి చూస్తే 9 దగ్గర కొట్టుకుంటోంది. సిగ్నల్ దగ్గర రెండోసారి తొక్కితే పెడలు రాయిలా అయిపోయేది. అలాంటి బండికి మాన్యువల్ బ్రేకు మంచి మందు. మీ బండికి వాక్యూమ్ బాగానే ఉండి, చిరిగింది గొట్టమో డయాఫ్రమో అయితే అది మార్చుకోండి చాలు. వాక్యూమ్ లేదు కానీ పవర్ స్టీరింగు ఉంచుకుంటాం అనేవాళ్లకి హైడ్రోబూస్ట్ అనే దారి ఉంది. అది స్టీరింగు పంపు ఒత్తిడితో నడుస్తుంది కాబట్టి, పంపు తీసేవాళ్లకి పనికిరాదు. ఫ్యాక్టరీ కాగితాలతో సహా అసలు భాగాలన్నీ చెక్కుచెదరని ఎస్ఎస్ 396 లాంటిది మీ దగ్గరుంటే మాత్రం దయచేసి దాని జోలికి పోకండి. ఆ బళ్లు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉండనివ్వండి.

2. ఇంజిను ఆపేసి పెడలు తొక్కి, స్టీరింగు తిప్పి "మాన్యువల్ అంటే ఇంత బరువా" అని బెంబేలెత్తకండి. బూస్టరు ఖాళీ అయిన పవర్ బ్రేకు కన్నా అసలైన మాన్యువల్ బ్రేకు చాలా తేలిక. ఎందుకంటే రెండింటి పెడలు అమరికే వేరు. పవర్ స్టీరింగు బాక్సు కూడా అంతే. పంపు ఆగిపోతే మనం తిప్పేది చక్రాలతో పాటు లోపలి నూనెనీ, తక్కువ నిష్పత్తి ఉన్న పళ్లనీ. నిజంగా తెలుసుకోవాలంటే ఫ్యాక్టరీ నుంచే మాన్యువల్‌గా వచ్చిన బండి నడిపి చూడండి. మా ఆవిడని ఒక మిత్రుడి నోవా నడపమన్నాను. పార్కింగులో రెండుసార్లు తిప్పి, "కదులుతుంటే బాగానే ఉంది, ఆగి ఉన్నప్పుడే కష్టం" అంది. ఆ ఒక్క మాటతో మేం ఎలాంటి బాక్సు కొనాలో తేలిపోయింది. ఇంట్లో ఆ బండి నడిపే ప్రతివాళ్లనీ ఇలా అడిగాకే పానా పట్టుకోండి.

3. లెక్క కాగితం మీద వెయ్యండి. పొలంలో ఏతం చూసినవాళ్లకి ఇది ఇట్టే ఎక్కుతుంది. దూలాన్ని ఆనించిన చోటు కాస్త జరిగితే బాన తేలికవుతుంది, కానీ మనిషి ఎక్కువ దూరం నడవాలి. బ్రేకు పెడలూ ఏతమే. కాలితో 100 పౌండ్లు, అంటే సుమారు 45 కిలోలు తొక్కారనుకోండి. పెడలు నిష్పత్తి 6 అయితే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 600 పౌండ్లు పడతాయి. సిలిండర్ లోపలి వ్యాసం 1 అంగుళమైతే వైశాల్యం 0.785 చదరపు అంగుళాలు. 600ని దానితో భాగిస్తే చదరపు అంగుళానికి 764 పౌండ్ల ఒత్తిడి. వ్యాసం 1⅛ అంగుళాలైతే 604. ⅞ అయితే 998. ఇప్పుడు అసలు తప్పు చూడండి: పవర్ బ్రేకుల పెడలు నిష్పత్తి 4 దగ్గరే ఉంచి, 1⅛ సిలిండరే ఉంచి, బూస్టరు ఒక్కటి తీసేస్తే వచ్చేది 402. గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు ముందు డిస్కులకి వెయ్యికి అటూ ఇటూ ఒత్తిడి కావాలి. 402తో దాన్ని అందుకోవాలంటే రెండున్నర రెట్లు తొక్కాలి. మాన్యువల్ బ్రేకులు పనిచెయ్యవని చెప్పేవాళ్లలో చాలామంది బళ్లలో ఉండేది ఈ 402 లెక్కే.

4. అలాగని ⅞ సిలిండర్ కొనేయకండి. ఒత్తిడి పెరిగేకొద్దీ పెడలు ప్రయాణం కూడా పెరుగుతుంది. 1⅛ నుంచి 1 అంగుళానికి వస్తేనే 27 శాతం ఎక్కువ దూరం తొక్కాలి. వెనక డ్రమ్ముల సర్దుబాటు కాస్త సడలినా, రెండు సర్క్యూట్లలో ఒకటి లీకైనా పెడలు నేలని తాకకుండా మిగతా సర్క్యూటు పట్టాలి కదా. డిస్కు, డ్రమ్ము కలిసిన మా బండికి 1 అంగుళం దగ్గర ఆగాను. అన్నట్టు, 1967కి ముందు షెవెళ్లలో రెండు సర్క్యూట్లు లేవు, మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. అలాంటి బండి మీదైతే రెండు గదుల సిలిండర్ పెట్టకుండా మిగతా ఏ పనీ మొదలుపెట్టకండి.

5. డాష్‌బోర్డు కింద టార్చి వేసి పెడలు కాడ చూడండి. షెవెల్ పెడలుకి ఒకదాని మీద ఒకటి రెండు రంధ్రాలుంటాయి, మధ్య దూరం దాదాపు అంగుళం. కిందిది పవర్ బ్రేకుకి, పైది మాన్యువల్‌కి. పుష్‌రాడ్‌ని పై రంధ్రంలోకి మారిస్తే నిష్పత్తి 6 దగ్గరికి వస్తుంది. పైసా ఖర్చు లేకుండా ఇంత బలం ఇంకెక్కడా దొరకదు. మాన్యువల్ మాస్టర్ సిలిండర్ ఫైర్‌వాల్‌కి నేరుగా బిగుస్తుంది కాబట్టి, పై రంధ్రం వాడినప్పుడే రాడ్డు తిన్నగా లోపలికి వెళ్తుంది. కింది రంధ్రంలోనే వదిలేస్తే రాడ్డు ఏటవాలుగా పొడుస్తుంది. పిస్టన్ ఒక పక్కే ఒరుసుకుని సీళ్లు త్వరగా పోతాయి.

6. ఇది ప్రాణానికి సంబంధించిన చిట్కా, రెండుసార్లు చదవండి. పవర్ బ్రేకుల మాస్టర్ సిలిండర్ పిస్టన్ వెనక గుంట లోతు తక్కువ. మాన్యువల్ దాని గుంట లోతుగా ఉంటుంది. పవర్ బండిలో రాడ్డుని బూస్టరు పట్టుకుని ఉంటుంది, అందుకని ఆ లోతు సరిపోతుంది. మాన్యువల్‌లో పట్టుకునేది ఆ గుంటే. నేను మొదట తెప్పించిన సిలిండర్ పెట్టె మీద మాన్యువల్ అనే ఉంది. తీరా రాడ్డు పెట్టి పెడలు పైకి లాగి చూస్తే ఊడి చేతిలోకి వచ్చింది. అదే రోడ్డు మీద జరిగి ఉంటే కాలి కింద బ్రేకే ఉండేది కాదు. పెట్టె మీద రాతని నమ్మకండి. పెన్సిలు దూర్చి లోతు చూడండి. బిగించాక పెడలుని బలంగా పైకి లాగి, రాడ్డు జారట్లేదని కళ్లతో చూసుకోండి.

7. రాడ్డు కొనకీ పిస్టన్‌కీ మధ్య 1/16 అంగుళం ప్లే వదలండి. ఒకటిన్నర మిల్లీమీటర్లు. ప్లే లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, నూనె తిరిగి డబ్బాలోకి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. వేడికి నూనె వ్యాకోచిస్తే పోవడానికి దారుండదు, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. మొదటిసారి బయటికి తీసినప్పుడు నాకు అదే జరిగింది. మూడు మైళ్లు వెళ్లేసరికి బండి బరువుగా లాగుతోంది, ముందు చక్రం దగ్గర కాలిన వాసన. రోడ్డు పక్కన ఆపి, చల్లారేదాకా ఉండి, రాడ్డు మరని రెండు చుట్లు వెనక్కి తిప్పాకే ఇంటికి రాగలిగాను.

8. డ్రమ్ము, డిస్కు తేడా తెలుసుకోండి. డ్రమ్ములో ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు లాగబడి వెనక షూని నెడుతుంది. అంటే చక్రమే తనను తాను ఆపుకోవడానికి సాయం చేస్తుంది. డిస్కుకి ఆ గుణం లేదు. మీరెంత నొక్కితే అంతే. నాలుగు చక్రాలకీ 9½ అంగుళాల డ్రమ్ములున్న మామూలు షెవెల్‌కి మాన్యువల్ బ్రేకు అందుకే తేలిగ్గా ఉంటుంది. డిస్కులున్నవాళ్లం ఆ లోటుని ప్యాడ్లతో కొంత పూడ్చుకోవాలి. ప్యాడ్ అంచు మీద అచ్చేసిన అక్షరాలు రెండు చూడండి: మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. ఈ (E) అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ (F) అంటే 0.35 నుంచి 0.45. మాన్యువల్‌కి రెండూ ఎఫ్ ఉన్నవి తీసుకోండి. రేసు ప్యాడ్లు వేడెక్కితే తప్ప పట్టవు. వీధి బండికి వద్దు.

9. పాత లైనింగుల దుమ్ముని గాలితో ఊదకండి. ఆ కాలపు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. నీళ్లో బ్రేక్ క్లీనరో చల్లి తడిపి, గుడ్డతో తుడిచి, గుడ్డని సంచిలో మూటకట్టి పారేయండి. పిల్లల్ని ఆ పూట గ్యారేజీలోకి రానివ్వకండి.

10. కొత్త మాస్టర్ సిలిండర్ నోళ్లు పాతదాని చోట ఉండవు కాబట్టి పైపులు మళ్లీ వంచాల్సి వస్తుంది. పైపు చివర రెండు మడతల ఫ్లేరు వెయ్యండి. ఒంటి మడత చిట్లుతుంది. నీళ్ల పైపులకి వాడే బిగింపులు బ్రేకు పైపుకి ఎన్నటికీ వాడకూడదు. డిస్కు, డ్రమ్ములకి ఒత్తిడి పంచే ఇత్తడి వాల్వు ఫ్యాక్టరీదే బాగుంటే దాన్నే ఉంచండి.

11. బూస్టరు తీశాక మానిఫోల్డు మీద దాని గొట్టం ఊడిన నోరు తెరిచి ఉంటుంది. దానికి మరబిరడా బిగించండి. వదిలేస్తే ఇంజిను దొంగగాలి పీల్చి ఐడిల్ చెడుతుంది. అయితే దాని పక్కనే ఇంకో సన్నటి గొట్టం ఉండొచ్చు. టర్బో 350 గేర్‌బాక్సు మాడ్యులేటర్‌కి వెళ్లేది అది. అదీ బూస్టరుదే అనుకుని మూసేస్తే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి.

12. మాస్టర్ సిలిండర్‌ని బండికి ఎక్కించకముందే బల్ల మీద వైసులో పట్టించి, గొట్టాలు పెట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీయండి. తర్వాత చక్రాల దగ్గర: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పొయ్యండి, తుడవడం తర్వాత. డాట్ 3 ఉన్న బండిలో సిలికాన్ రకం డాట్ 5 కలపకూడదు.

13. రాడ్డు మారాక పెడలు ఎత్తు మారుతుంది, కాబట్టి వెనక బ్రేకు లైటు స్విచ్చి మళ్లీ సర్దండి. లేకపోతే లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, లేదా అసలు వెలగదు. చీకట్లో గోడకి వెనక్కి ఆపి తొక్కి చూస్తే తెలిసిపోతుంది.

14. ఇక స్టీరింగు. పవర్ బాక్సులోంచి గొట్టాలు పీకి ఒకదానికొకటి కలిపేసి, దాన్నే మాన్యువల్ అనుకుని నడిపేవాళ్లున్నారు. అది మాన్యువల్ కాదు, చెడిపోయిన పవర్. షెవెల్‌కి అసలైన మాన్యువల్ బాక్సు సాగినా తయారీది. అదే మూడు బోల్టుల మీద ఫ్రేముకి బిగుస్తుంది. మామూలు నిష్పత్తి 24. స్టీరింగు 24 డిగ్రీలు తిరిగితే బాక్సు కింది చేయి 1 డిగ్రీ తిరుగుతుంది. 16 నిష్పత్తి బాక్సు కూడా దొరుకుతుంది. పేరుకి చురుకుదనం ఉంటుంది కానీ బరువు ఒకటిన్నర రెట్లు. ముక్కు మీద ఇనుప వి8 మోసే, ఒకటిన్నర టన్నులు దాటిన బండికి 16 పెట్టి ఆనక భుజాలు పట్టుకునేవాళ్లని చూశాను. చేతులు ఎక్కువసార్లు తిరుగుతాయి, పర్వాలేదు. 24 తీసుకోండి. తేలికైన ఇంజిను, సన్నటి టైర్లు ఉంటే 20 గురించి ఆలోచించండి.

15. స్టీరింగు కాడకీ బాక్సుకీ మధ్య గుడ్డ, రబ్బరు కలిసిన గుండ్రటి బిళ్ల ఒకటుంటుంది. మెకానిక్కులు రాగ్ జాయింట్ అంటారు. ఆ కాలపు పవర్ బాక్సు మొన 13/16 అంగుళాలు, 36 పళ్లు. మాన్యువల్ బాక్సు మొన ఎక్కువగా ¾ అంగుళం, 30 పళ్లు. పాత జాయింటు కొత్త మొన మీద ఎక్కదు. బాక్సుతో పాటే దాని జాయింటు కూడా కొనండి, కొనేముందు పళ్లు లెక్కపెట్టండి. కాడ మొన మీద సుత్తితో కొట్టకండి. 1967 నుంచి జీఎం కాడలు ప్రమాదంలో ముడుచుకుపోయేలా చేశారు, లోపల ప్లాస్టిక్ సూదులుంటాయి. సుత్తి దెబ్బకి అవి తెగితే పైకి ఏమీ కనపడదు, కానీ కాడ వదులైపోతుంది.

16. బాక్సు కింది చేయిని, అంటే పిట్మన్ ఆర్మ్‌ని, దాని పుల్లర్‌తోనే లాగండి. పవర్ బాక్సు ఆర్మ్ మాన్యువల్ షాఫ్టుకి సరిపోతుందని అనుకోకండి. షాఫ్టు లావు కొలిచి, మాన్యువల్ బాక్సుకి తగిన ఆర్మే తెచ్చుకోండి. నట్టు బిగింపు సర్వీసు మాన్యువల్లో రాసినంత, టార్క్ రెంచీతో. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. మస్టాంగ్ వాళ్లకి ఒక మాట: 1970 దాకా వచ్చిన మస్టాంగుల్లో పవర్ సాయం బాక్సులో ఉండదు, కింది కడ్డీలకి తగిలించిన సిలిండర్‌లో ఉంటుంది. అక్కడ మధ్య కడ్డీ, పిట్మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ మారతాయి. పని తీరే వేరు.

17. బాక్సుని సరిగ్గా నడిమధ్యకి తెచ్చి బిగించండి. మొనని ఒక కొసకి తిప్పి, అక్కణ్ణుంచి రెండో కొసకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రండి. ఈ బాక్సుల్లో పళ్లు నడిమధ్యన కాస్త బిగుతుగా కూర్చునేలా చేస్తారు. తిన్నగా వెళ్లేటప్పుడు ప్లే లేకుండా ఉండేది అందువల్లే. మధ్య తప్పితే తిన్నటి రోడ్డు మీద స్టీరింగు వదులుగా, మలుపులో బిగుసుకుపోయినట్టుగా ఉంటుంది. ప్లే పోగొట్టాలని పై మరని ఇష్టమొచ్చినట్టు బిగించేవాళ్లున్నారు. పళ్లు అరిగిపోతాయి.

18. మాన్యువల్ బాక్సులో ఉండేది స్టీరింగు గేరు గ్రీజు. పవర్ స్టీరింగు నూనె పోస్తే సీళ్లలోంచి కారిపోయి పళ్లు ఎండిపోతాయి.

19. పంపు, దాని బ్రాకెట్టు తీశాక ఖాళీ అయిన చోట పాత పొడుగు బోల్టునే తిరిగి బిగించకండి. బ్రాకెట్టు మందం పోయింది కాబట్టి బోల్టు అడుగు తాకి ఆగిపోతుంది, వాటర్ పంపు వదులుగా మిగిలి నీళ్లు కారతాయి. పొట్టి బోల్టు వెయ్యండి. క్రాంకు పుల్లీ మీద ఖాళీ గాడి అలాగే ఉన్నా ఇబ్బంది లేదు.

20. ఒంటివేలి పరీక్ష: ముందు చక్రాలు గాల్లో ఉండేలా బండిని ఎత్తి, ఫ్రేము కింద స్టాండ్లు పెట్టండి. జాకీ మీదే వదిలేసి కిందికి దూరొద్దు. స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క వేలితో తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే లోపం బాక్సుది కాకపోవచ్చు. బాల్ జాయింట్లు, ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ కొసలు ఒక్కొక్కటే విడదీసి తిప్పి చూడండి. పవర్ ఉన్నన్నాళ్లూ ఈ బిగుతులన్నిటినీ పంపు కప్పిపుచ్చుతుంది. మా బండిలో గ్రీజు చూడని ఐడ్లర్ ఆర్మ్ ఒకటి దొరికింది. దాన్ని మార్చాక స్టీరింగు బరువు తగ్గింది చూడండి, ముందే చూసుంటే బాక్సు నిష్పత్తి గురించి అన్ని రాత్రులు ఆలోచించేవాణ్ణి కాను.

21. అలైన్‌మెంటు షాపులో "మాన్యువల్ స్టీరింగు" అని ముందే చెప్పండి. క్యాస్టర్ కోణం ఎక్కువైతే హైవే మీద బండి తిన్నగా పోతుంది, మలుపు తర్వాత స్టీరింగు దానంతటదే వెనక్కి వస్తుంది. కానీ తిప్పిన ప్రతిసారీ బండి ముక్కుని కొంచెం పైకెత్తుతున్నట్టే. ఆ ఎత్తే బలం మన చేతులదే. రేడియల్ టైర్ల పవర్ బళ్లకి 3 నుంచి 5 డిగ్రీల దాకా పెట్టించుకుంటారు. మాన్యువల్‌కి 1 నుంచి 2 మధ్య చాలు. షెవెల్‌లో ఇది పై కంట్రోల్ ఆర్మ్ వెనక పెట్టే షిమ్ముల పని. షాపువాడు బద్ధకించి పాత షిమ్ములే వదిలేస్తే ఒప్పుకోకండి.

22. స్టీరింగు చక్రం పెద్దదే ఉంచండి. 16 అంగుళాల చక్రం తీసి 13 అంగుళాల చక్కటి రేసు చక్రం పెడితే ప్రతి తిప్పుకీ 23 శాతం ఎక్కువ బలం కావాలి. బొమ్మల్లో బాగుంటుంది, పార్కింగులో ఉండదు.

23. ముందు టైర్లు వెడల్పు 205, 215 దగ్గర ఆపండి. గాలి 32 నుంచి 35 పీఎస్ఐ. నెలకోసారి చూడండి. 25కి పడిపోయిన టైరు పవర్ బండిలో తెలియదు, ఇక్కడ మొదటి మలుపులోనే తెలుస్తుంది.

24. బరువుని వెనక్కి నెట్టండి, లేదా దించండి. ఇనుప మానిఫోల్డు బదులు అల్యూమినియందీ, ఇనుప హెడ్లు బదులు అల్యూమినియంవీ వేస్తే ముక్కు మీద కొన్ని పదుల పౌండ్లు తగ్గుతాయి. బూస్టరు, పంపు, గొట్టాలు పోయినందుకు కొంత ఎలాగూ తగ్గుతుంది. బ్యాటరీని డిక్కీలోకి మార్చేవాళ్లు లావు కేబులు వాడి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి. 396, 454 లాంటి బిగ్ బ్లాకు ఉన్న బండికి మాన్యువల్ స్టీరింగు నేను సలహా ఇవ్వను. బ్రేకు మార్చుకుని స్టీరింగు పవర్‌గానే ఉంచుకోవడం తప్పేమీ కాదు. రెండూ ఒకేసారి మార్చి తీరాలన్న నియమం లేదు.

25. మిషిగన్‌లో సొంత కార్లకి ఏటా తప్పనిసరి తనిఖీ లేదు. అంటే ఆ తనిఖీ మనమే చెయ్యాలి. గ్యారేజీలోనే పెడలుని బలంగా తొక్కి నిమిషం పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లీకుంది, లేదా సిలిండర్ లోపలి సీలు పోయింది. పెడలు గట్టిగా నిలిచాకే ఇంటి ముందు నడక వేగంతో, తర్వాత ఖాళీ వీధిలో 20 మైళ్ల వేగంతో, ఆ తర్వాత 40తో ఆపి చూడండి. కొత్త ప్యాడ్లకి 30 మైళ్ల నుంచి 5 దాకా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లయినా అలవాటు చెయ్యండి. ఇంటికి రాగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటే మరీ వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉందేమో చూడండి, అన్నీ మరీ వేడిగా ఉంటే 7వ చిట్కాకి వెళ్లండి.

26. నడిపే పద్ధతి మార్చుకోండి. మా నాన్న విజయవాడలో పవర్ స్టీరింగు లేని అంబాసిడర్ నడిపేవారు. నాకు నేర్పినప్పుడు, ఆగి ఉన్న బండిలో స్టీరింగుతో కుస్తీ పడుతుంటే, "బండిని కదలనిచ్చి అప్పుడు తిప్పరా" అనేవారు. షెవెల్‌లో మొదటి వారమే ఆ మాట మళ్లీ వినపడింది. చక్రం అడుగు దొర్లితే చాలు, బరువు సగానికి పడిపోతుంది. పార్కింగులో చోటు చూసుకుని, ముందుకి వెళ్లిపోయే వీలున్న గడినే ఎంచుకోండి. బ్రేకుకి ముందుచూపు కావాలి. ముందు బండికీ మీకూ మధ్య ఇంకో బండి పొడవు ఎక్కువ వదలండి. సీటుని ఒక మెట్టు ముందుకి జరపండి. మోకాలు కొంచెం వంగి ఉన్నప్పుడే కాలికి పూర్తి బలం ఉంటుంది. దీనికి ప్రతిఫలం కూడా ఉంది. ట్రాఫిక్‌లో ఇంజిను ఆగిపోయినా బ్రేకూ స్టీరింగూ నిమిషం కిందట ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. తడి రోడ్డు మీద ముందు టైర్లు పట్టు వదిలే క్షణం చేతులకి ముందే తెలుస్తుంది. పవర్ ఉన్నప్పుడు నాకా సంగతి ఎన్నడూ తెలియలేదు.

27. విప్పినవి పారేయకండి. బూస్టరు, పాత మాస్టర్ సిలిండర్, పవర్ బాక్సు, పిట్మన్ ఆర్మ్, పంపు, బ్రాకెట్లు, ఆ పొడుగు బోల్టులతో సహా అన్నీ ఒకే పెట్టెలో పెట్టండి. పంపు నోళ్లకీ బాక్సు నోళ్లకీ మూతలు బిగించండి, ఇనుప భాగాలకి పల్చగా నూనె రాయండి, బోల్టులు ఏ చోటివో ఆ చోటి పేరుతో చిన్న సంచుల్లో వెయ్యండి. పెట్టె మీద బండి సంవత్సరం, విప్పిన తేదీ, పెడలులో రాడ్డు ఏ రంధ్రంలో ఉండేదో రాయండి. మా పెట్టె గ్యారేజీలో పై అర మీద ఉంది. దాని మీది రాత మా అమ్మాయిది.